అభిమాన సంఘంలో చేరితే మనవాళ్లు దొరుకుతారా?

ఊరుకాని ఊళ్లో ఒంటరిగా ఉన్నాను, హీరో అభిమాన సంఘంలో చేరితే మనవాళ్లంటూ ఎవరైనా దొరుకుతారా అని అడిగారు. నాకైతే దొరికారు. నన్ను నమ్మి ఒక పని అప్పజెప్పడంతో అది మొదలైంది.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి అమీర్‌పేట హాస్టల్లో దిగాను. ఆదివారం వస్తే పలకరించే మనిషి ఉండేవాడు కాదు. మా ఊరి అన్న ఒకరు జూబ్లీహిల్స్‌లోని చిరంజీవి బ్లడ్ బ్యాంకుకి తీసుకెళ్లాడు. 1998లో చిరంజీవి గారు పెట్టారు దాన్ని. సూది గుచ్చి, చేతిలో స్పాంజి బంతి పెట్టి నొక్కుతూ ఉండమన్నారు. పక్క మంచం మీద ఆటో నడిపే అన్న. "మొదట ఏ సినిమా చూశావు తమ్ముడూ?" అన్నాడు. ఏం చదివావు, జీతం ఎంత అని అడగలేదు. ఆ నగరంలో నన్ను అలా పలకరించిన మొదటి మనిషి ఆయనే.

నాది ఓ నెగెటివ్. నంబరు రాసుకున్నారు. తర్వాత ఫోన్లు రావడం మొదలైంది: "తమ్ముడూ, ఆపరేషన్ ఉంది, రాగలవా?" నేను రాకపోతే ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారని తెలియడం ఎంత ధైర్యమో చెప్పలేను.

2024 ఆగస్టు 22న, చిరంజీవి గారి పుట్టినరోజుకి 'ఇంద్ర' మళ్లీ విడుదలైనప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో కటౌట్‌కి బంతిపూల దండ వేశాం. నలుగురు భుజం పడితే గానీ లేవదది. పైనున్నవాడు "లాగు" అంటేనే తాడు లాగాలి, ఒక్కరు తొందరపడినా తెగుతుంది. అందులో ఒకడు సాఫ్ట్‌వేర్, ఒకడు పాలవ్యాపారి. దండ నిలబడ్డాక అందరం ఒకేసారి అరిచాం.

ఇంకో సంగతీ చెప్పాలి. హీరో పేరు వినగానే కులం లెక్కలేసేవాళ్లు కోస్తాలో ఉన్నారు. పక్క హీరో ఇంటి ఆడవాళ్లని తిట్టడమే పనిగా పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులూ ఉన్నాయి. వాటి జోలికి వెళ్లకండి, మనిషిని పాడుచేస్తాయి. సినిమా లేని నెలల్లో ఆ సంఘం ఏం చేస్తుందో చూసి చేరండి.

మీకు 18 నిండి, 45 కిలోల బరువుంటే దగ్గర్లో అభిమాన సంఘం వాళ్లు పెట్టే రక్తదాన శిబిరానికి వెళ్లండి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. మీ నంబరు, బ్లడ్ గ్రూపు రాయించి రండి.