అప్పు చేసి కాదు, ఊళ్ళు తగ్గించి రామేశ్వరం వెళ్ళండి

ప్రశ్న: మాది చిత్తూరు. ప్రైవేటు కంపెనీలో చేస్తున్నాను, చేతికి 48,000 వస్తుంది. మా ఆవిడ టైలరింగ్ మీద ఏడు వేల దాకా సంపాదిస్తుంది. ఇంటి ఖర్చులు, చీటీ పోను నెలకు 6,000 మిగులుతుంది. 1,20,000 ఎఫ్‌డీ ఉంది. నాన్నకు 71 ఏళ్ళు, అమ్మకు 66. పిల్లలు తొమ్మిది, ఐదు తరగతులు. దసరా సెలవుల్లో ఆరుగురం కంచి, అరుణాచలం, చిదంబరం, కుంభకోణం, తంజావూరు, శ్రీరంగం, మదురై, రామేశ్వరం ఏడు రోజుల్లో చూసి రావాలని ఉంది. కంచిలో పట్టుచీరలతో కలిపి లక్షన్నర లెక్క తేలింది. బ్యాంకు యాప్‌లో పర్సనల్ లోన్ సిద్ధంగా ఉంది. అది తీసుకోనా, ఎఫ్‌డీ తీసేయనా? స్నేహితుడు తన ఇన్నోవాను కిలోమీటరుకు 12 రూపాయల చొప్పున ఇస్తానంటున్నాడు. టోల్‌కు ఫాస్టాగ్ వార్షిక పాసు తీసుకోవాలా? తమ్ముడు బెంగళూరులో ఉన్నాడు కానీ వాణ్ణి డబ్బు అడగడం నాకిష్టం లేదు.

జవాబు: లోన్ వద్దు, ఎఫ్‌డీ జోలికీ పోవద్దు. లక్షన్నరకు 14 శాతం వడ్డీ, మూడేళ్ళ గడువు అనుకుంటే నెలకు 5,127 రూపాయల కిస్తీ పడుతుంది. వడ్డీయే 34,500 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. మీకు నెలకు మిగిలేదే ఆరు వేలు. వారం రోజుల యాత్ర కోసం మూడేళ్ళు ఇంట్లో మిగులన్నదే లేకుండా పోతుంది. ఆ మూడేళ్ళలోనే మీ పెద్దబిడ్డ పది దాటి ఇంటర్‌లో చేరేది. ఇక ఎఫ్‌డీ అంటారా, అది మీ ఇంటికి రెండున్నర నెలల ఖర్చు మాత్రమే. డెబ్బై దాటిన మనిషి ఉన్న ఇంట్లో ఆ డబ్బు కదలకూడదు.

అలాగని డబ్బు చేరాక ఎప్పుడో చూద్దాం అని నేను అనను. రామేశ్వరంలో 22 తీర్థాల స్నానమంటే తడిబట్టలతో ఒక బావి దగ్గర్నుంచి ఇంకో బావికి నడవడం. మీ నాన్నగారు అది ఈ ఏడాది చేయగలిగినట్టు మూడేళ్ళ తర్వాత చేయగలరని ఎవరూ హామీ ఇవ్వలేరు. యాత్ర దసరాకు కాకుండా వచ్చే ఫిబ్రవరిలో జరగాలి, ఎందుకో చివర్లో చెబుతాను. మార్చాల్సింది మీ జాబితాని.

ఇలాంటి ప్రయాణాల్లో అందరూ కిలోమీటర్లు లెక్కేస్తారు. అసలు ఖర్చు రాత్రుల్లో ఉంటుంది. ఆరుగురికి ఒక రాత్రి అంటే రెండు గదులు, మరో పూట భోజనాలు, డ్రైవర్ బత్తా, బండికి ఇంకో రోజు బాడుగ. ఒక్క రాత్రి తగ్గితే పదివేలకు పైగా తగ్గుతుంది. తమిళనాడులో చాలా గుళ్ళు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూసి నాలుగింటికి తెరుస్తారు. అందుకని రోజుకు రెండు ఊళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఎండలో మూసిన తలుపుల ముందు కూర్చుంటారు, లేదా ఇంకో రాత్రికి గది తీసుకుంటారు. పెద్దవాళ్ళున్నారు కాబట్టి గదుల దగ్గర పిసినారితనం చేయకండి. ఊళ్ళు తగ్గించండి.

కంచి, అరుణాచలం తీసేయండి. చిత్తూరు నుంచి రెండూ పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే దూరమే, ఏ ఆదివారమైనా వెళ్ళవచ్చు. చిదంబరం, కుంభకోణం, తంజావూరు కలిపి మరో ఏడాదికి మంచి యాత్ర అవుతుంది. పట్టుచీరలు ఈ లెక్కలోనే ఉండకూడదు. మీ లక్షన్నర అంత పెరగడానికి అవీ ఒక కారణమే.

మిగిలింది ఐదు రోజులు, నాలుగు రాత్రులు. మొదటి రోజు వేలూరు, విల్లుపురం మీదుగా శ్రీరంగం. రెండో రోజు ఉదయం రంగనాథుడు, పక్కనే జంబుకేశ్వరం, మధ్యాహ్నం రామేశ్వరానికి ప్రయాణం. అక్కడ రెండు రాత్రులు తప్పకుండా ఉండండి. స్నానాలయ్యాక మీ నాన్నగారికి ఒక పూట పడుకునే తీరిక దొరకాలి. నాలుగో రోజు మదురై, సాయంత్రం మీనాక్షమ్మ దర్శనం, ఐదో రోజు తిరుగు ప్రయాణం.

ఇక బండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఇక్కడే చాలామంది మోసపోతారు. మీ స్నేహితుడిది వైట్ బోర్డు బండి, అంటే సొంత వాడకానికి రిజిస్టరైనది. ప్రైవేటు కారు ఇన్సూరెన్సు బాడుగకు తిప్పితే వర్తించదు. డబ్బు చేతులు మారిందని తేలితే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. కిలోమీటరుకు నాలుగైదు రూపాయలు మిగులుతాయని ఆరుగురి ప్రాణాలను ఆ బండిలో పెట్టకండి. ఎల్లో బోర్డు బండే, అంటే బాడుగకు పర్మిట్ ఉన్నదే మాట్లాడండి. ఆరుగురు, డ్రైవరు కలిసి ఏడు సీట్లూ నిండిపోతాయి కాబట్టి పైన క్యారియర్ ఉన్నది అడగండి. ఇన్సూరెన్సు కాగితంలో థర్డ్ పార్టీ ఒక్కటే ఉందా, బండి నష్టాన్ని కూడా కలిపే ప్యాకేజీ పాలసీనా అన్నది కళ్ళతో చూడండి.

బాడుగ మాట్లాడేటప్పుడు రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్కేస్తారో ముందే అడగండి. చాలాచోట్ల 250 లేదా 300 అంటారు. మీరు తిరిగేది సుమారు 1,300 కిలోమీటర్లే అయినా రోజుకు 300 అంటే ఐదు రోజులకు 1,500కి కట్టాలి. రామేశ్వరంలో బండి కదలని రోజుకూ 300 పడుతుంది. తమిళనాడు పర్మిట్, టోల్, పార్కింగ్ ఎవరు కట్టాలో వాట్సాప్‌లో రాయించుకోండి. రోజు బాడుగ వేరే, డీజిల్ మీదే అనే పద్ధతైతే ట్యాంకు సరిహద్దు దాటాక నింపుకోండి, అక్కడ మన దగ్గరికంటే తక్కువ. 2025 ఆగస్టు 15న మొదలైన ఆ ఫాస్టాగ్ వార్షిక పాసు సొంతానికి వాడే ప్రైవేటు కార్లకే. బాడుగ బండికి చెల్లదు, దాని సంగతి వదిలేయండి.

కిలోమీటరుకు 17 అనుకుంటే 25,500. డ్రైవర్ బత్తా 3,000. టోల్, పర్మిట్, పార్కింగ్‌కు 4,500. గది 2,200 చొప్పున రెండు గదులు నాలుగు రాత్రులకు 17,600. తిండికి రోజుకు రెండు వేలు, మొత్తం 10,000. దర్శనం టికెట్లు, రామేశ్వరంలో తర్పణాలు, దక్షిణలకు 8,000. అనుకోని ఖర్చులకు 7,400. అంతా కలిపి 76,000.

జూలై నుంచి జనవరి దాకా ఏడు నెలలు, నెలకు 6,000 చొప్పున 42,000. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) పెట్టండి. వడ్డీ కోసం కాదు, ఆ డబ్బు చేతికి అందకుండా ఉండటం కోసం. దీపావళి బోనస్ వస్తే అందులోంచి 22,000 తీసిపెట్టండి. ఇంకా 12,000 తక్కువ.

ఆ 12,000 మీ తమ్ముణ్ణి అడగండి. మీకిష్టం లేదని రాశారు, అర్థమైంది. కానీ వాళ్ళు అతనికీ అమ్మానాన్నలే. ఇది మీకిచ్చే అప్పు కాదు. "అమ్మానాన్నల గది, తర్పణాల ఖర్చు నువ్వు చూసుకో, మిగతాది నేను చూసుకుంటా" అనండి. రేపు "నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం అన్నా" అని అతను బాధపడే పరిస్థితి రానివ్వకండి. బోనస్ రాకపోయినా, తమ్ముడికి కుదరకపోయినా మదురై తీసేసి ఒక రాత్రి తగ్గించండి, మిగతా లోటుకు యాత్రను వేసవి సెలవులకు జరపండి. అప్పు మాత్రం వద్దు.

దసరా ఎందుకు వద్దంటే, నవరాత్రులకు మదురైలో, తమిళ పురటాసి నెల శనివారాలకు శ్రీరంగంలో రద్దీ. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా ఆ తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు. తర్వాత మకరజ్యోతి దాకా అయ్యప్ప భక్తుల తాకిడి. ఫిబ్రవరిలో రెండో శనివారం కలిసొచ్చేలా శుక్రవారం బయల్దేరితే పిల్లలకు బడి మూడు రోజులే పోతుంది. పుష్య అమావాస్య, మహాశివరాత్రి ఆ రోజుల్లో పడుతున్నాయేమో పంచాంగం చూసుకోండి, అప్పుడు రామేశ్వరంలో గది దొరకడమే కష్టం.

ఈలోపు మీ నాన్నగారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. 70 నిండినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం దొరికే ఈ ఏర్పాటు 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆధార్ ఉంటే చాలు. కార్డు చేతికొచ్చాక మదురై, తిరుచ్చిలో ఆ పథకం కింద ఉన్న ఆసుపత్రుల పేర్లు రాసి, ఆయన రోజూ వేసుకునే మందుల చీటీతో కలిపి బండిలో పెట్టుకోండి.