పాము కరిస్తే అద్దాల బిల్డింగ్ చూసి పోకండి

"ఊళ్లో రాత్రిపూట ఎమర్జెన్సీ వస్తే దగ్గర్లోని ప్రైవేటుకు పోవాలా, సర్కారు దవాఖానకు పోవాలా?" అని కదా మీ ప్రశ్న. పాము కాటైతే సర్కారు దవాఖానకే. మా నాయన కాలు చూసినప్పటి నుంచి ఈ విషయంలో నేనెవరి మాటా వినను.

2015 వానాకాలం. మాది నల్గొండ జిల్లా చండూరు వైపు. అప్పట్లో బోరు మోటార్లకు కరెంటు వంతుల వారీగా వచ్చేది. రాత్రి ఎప్పుడొస్తే అప్పుడు లేచి పోవాల్సిందే. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు చీకట్లో పురుగుల్ని తొక్కిన రైతుల లెక్క ఎవరు రాశారు? సరే, నాయన స్టార్టర్ డబ్బా దగ్గరికి పోతుంటే గట్టు మీద రక్తపింజర మడమ పైన కాటేసింది.

ఊళ్లో ఆర్‌ఎంపీ టీటీ సూది ఇచ్చి, పిక్కకు తువ్వాల బిగించి కట్టాడు. మంచోడే, కానీ ఆ కట్టు తప్పంట. రక్తం ఆడక కాలే పోవచ్చని తర్వాత తెలిసింది. ఇంకో పెద్దమనిషి పసరు మందుకు పోదామన్నాడు. "మామా, నీ పసరు రేపు తాగుదాం" అని నాయనను ఆటో ఎక్కించాను.

నల్గొండకు రాగానే నేనూ తప్పే చేశాను. లైట్లు ధగధగలాడుతున్నాయని ఒక ప్రైవేటులో దింపాను. ఫైలు, డిపాజిట్, ఈసీజీ... ముప్పావు గంట పోయింది. చివరికి "విరుగుడు మందు లేదు, హైదరాబాద్ తీసుకుపోండి" అన్నారు. ఆ ముక్క గేటు దగ్గరే చెప్తే ఏం పోయింది? బస్సుల వెనకాల ఫొటోలు వేసుకోవడానికి మాత్రం డబ్బులుంటాయి.

అక్కడి నుంచి జిల్లా దవాఖాన. బెడ్ లేదు, స్ట్రెచర్ చక్రం ఒకటి తిరగదు. కానీ డ్యూటీ డాక్టరమ్మ ముందు తువ్వాల విప్పింది. కొంచెం రక్తం తీసి చిన్న గాజు గొట్టంలో పోసి బల్ల మీద పెట్టి, "ఎవరూ కదిలించొద్దు" అంది. సరిగ్గా ఇరవై నిమిషాలకు వంచి చూసింది. గడ్డ కట్టాల్సిన రక్తం నీళ్లలా జారింది. విషం ఎక్కిందని అప్పుడు తేలింది. వెంటనే విరుగుడు మందు పది వయల్స్, అంటే పది చిన్న సీసాలు, సెలైన్‌లో కలిపి ఎక్కించారు. మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఇంకో మాట. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ విరుగుడు ఒకటే, దాన్నే యాంటీ వెనమ్ అంటారు. పామును చంపి సంచిలో వేసుకొని రావాల్సిన పని లేదు. మా బావమరిది ఆ రాత్రి కట్టె పట్టుకొని గట్లన్నీ తిరిగాడు, వాడినీ కరిస్తే ఇద్దరిని మోయాల్సి వచ్చేది. 108కి ఫోన్ చేయండి. దారిలోనే "యాంటీ వెనమ్ ఉందా, డాక్టరు ఉన్నాడా" అని రెండు ముక్కలు అడగండి. ఉంది అన్నచోటికే బండి తిప్పండి.

ఇప్పుడు నల్గొండలో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది, 2019లో. నాయనకు ఇంకో దవాఖాన మీద నమ్మకమే లేదు. మొన్న మోకాళ్ల నొప్పులకు తీసుకుపోతే డాక్టరు ఎక్స్‌రే రాశాడు. బయటికి రాగానే, "గాజు గొట్టంల రక్తం పొయ్యలేదేందిరా, ఈయన డాక్టరేనా?" అన్నాడు.