అడగండి, చెబుతాం: ఫాక్‌లాండ్ తోడేలు దీవికి ఎలా చేరింది?

ప్రశ్న: ఫాక్‌లాండ్ దీవుల్లో అంతరించిన తోడేలు తన బంధువుల నుంచి 67 లక్షల ఏళ్ల కిందట విడిపోయిందని ఒకచోట, 16 వేల ఏళ్ల కిందటేనని మరోచోట చదివాను. రెండూ డీఎన్ఏ లెక్కలేనట. పిల్లలకు ఏది చెప్పాలి?
– ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ చెప్పండమ్మా. కాకపోతే ఎవరి నుంచి విడిపోయిందో కూడా కలిపి చెప్పాలి. తికమకంతా అక్కడే ఉంది.

ఈ దీవులు దక్షిణ అమెరికా తీరానికి దాదాపు 460 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అక్కడ నేల మీద తిరిగే స్థానిక క్షీరదం ఈ తోడేలు ఒక్కటే. కనీసం ఒక ఎలుక జాతి అయినా లేదు. 1833, 1834లలో డార్విన్ దీన్ని చూశారు. జనం స్థిరపడితే ఇదీ అంతరించిన డోడో పక్షి దారే పడుతుందని రాశారు. 1876కల్లా అంతే జరిగింది. మరి అంత సముద్రం దాటి ఎలా వచ్చిందన్నది అప్పటి నుంచీ మిగిలిన ప్రశ్న.

2009లో ఒక బృందం మ్యూజియంలలో దాచిన ఈ తోడేలు నమూనాల నుంచి డీఎన్ఏ తీసి, నేడు బతికి ఉన్న కుక్క జాతులతో పోల్చింది. అన్నిటికన్నా దగ్గరగా తేలింది మేన్డ్ వుల్ఫ్, అంటే దక్షిణ అమెరికా గడ్డి మైదానాల్లో తిరిగే పొడుగు కాళ్ల జంతువు. రెండూ విడిపోయింది 67 లక్షల ఏళ్ల కిందట. కానీ అప్పటికి దక్షిణ అమెరికాలో కుక్క జాతులే లేవు. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పనామా దగ్గర నేల కలిశాకే అవి ఉత్తరం నుంచి దిగాయి. అంటే ఆ చీలిక ఉత్తర అమెరికాలోనే జరిగి ఉండాలి. దీవికి ఎప్పుడు చేరిందో ఆ అంకె చెప్పదు. దాయాదులంతా పోయాక ఊళ్లో మిగిలిన ఒక్క దూరపు చుట్టాన్ని ‘మీరెప్పుడు వేరుపడ్డారు?’ అని అడిగితే, ఆయన ముత్తాతల నాటి లెక్కే చెబుతాడు.

ఆ పోయిన దాయాది డీఎన్ఏ లెక్క 2013లో వచ్చింది. దాని పేరు డ్యూసిసయాన్ ఏవస్. ఖండం మీదే బతికి, అదీ అంతరించిన నక్కలాంటి జంతువు. దాని పాత అవశేషాల డీఎన్ఏతో పోల్చి చూస్తే రెండూ విడిపోయింది సుమారు 16 వేల ఏళ్ల కిందటే. ఇలాంటి లెక్కకు హద్దులు కూడా చెప్పాలి: 8 వేల నుంచి 31 వేల ఏళ్ల మధ్య. అది మంచుయుగపు చివరి దశ. సముద్రమట్టం వంద మీటర్లకు పైగా దిగిపోయి, మధ్యలో మిగిలిన జలసంధి 20 కిలోమీటర్ల దరిదాపుకు కుంచించుకుపోయింది. అది గడ్డకట్టినప్పుడు జంతువులు నడిచి వచ్చాయన్నది ఆ బృందం వాదన. మనుషులే తెచ్చి ఉండవచ్చన్న వాదనా ఉంది. యూరోపియన్ల కన్నా ముందే అక్కడ మనుషులు తిరిగారనడానికి 2021లో ఆధారాలు చూపించారు. నా మొగ్గు మంచుదారి వైపే. తేదీలు, సముద్రమట్టం రెండూ దానికి సరిపోతున్నాయి.

ప్రశ్న: ఇంత పాత ఎముక నుంచి డీఎన్ఏ అసలు ఎలా తీస్తారు? కొలతలతో సహా చెప్పండి.
– ఎంఎస్సీ బయోటెక్నాలజీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ముందు ఎముక ఎంపిక. దొరికితే లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముక (పెట్రస్) మేలు. లేకపోతే పంటి వేరు. పైపొర ఒక మిల్లీమీటరు గీకి పారేయాలి. చేతుల తాకిడి, మట్టి అంతా అక్కడే ఉంటుంది. తర్వాత డ్రిల్లుతో లోపలి పొడి తీయాలి. తొందరపడి డ్రిల్లును నిమిషానికి వెయ్యి చుట్లు తిప్పితే ఆ వేడికి డీఎన్ఏ చాలావరకు పాడవుతుంది. వంద చుట్ల దగ్గర ఉంచి, ఓపికగా, ఆగి ఆగి తీయండి.

50 మిల్లీగ్రాముల పొడి చాలు. 0.45 మోలార్ ఈడీటీఏ ఒక మిల్లీలీటరు తీసుకుని, అందులో 0.25 మిల్లీగ్రాముల ప్రొటీనేజ్-కే కలిపి, ట్యూబును 37 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పుతారు. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేస్తుంది, ఎంజైము ప్రొటీన్లను కోస్తుంది. తర్వాతి మెట్టులోనే కొత్తవాళ్లు నష్టపోతారు. డీఎన్ఏ తీసే మామూలు కిట్టు పెద్ద ముక్కల కోసం చేసింది, మనకు కావలసినవేమో 35 నుంచి 70 అక్షరాల (డీఎన్ఏ బేసుల) చిన్న ముక్కలు. కాబట్టి గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్, ఐసోప్రొపనాల్ కలిసిన బంధక ద్రావణాన్ని పొడి కరిగిన ద్రావణం ఒక వంతుకు పదమూడు వంతులు పోసి, సిలికా మీద పట్టించాలి. ఆ వంతులు తగ్గిస్తే చిన్న ముక్కలు కడిగిన నీళ్లతోనే పోతాయి.

తీసింది పాత డీఎన్ఏనా, మన చేతిదా అన్నది కీలకం. కాలం గడిచేకొద్దీ ముక్క చివర్లలో డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ (సి) యురాసిల్‌గా మారుతుంది. అక్షరాల వరుస చదివే సీక్వెన్సింగ్‌లో అది ‘సి’ ఉండాల్సిన చోట ‘టి’గా కనిపిస్తుంది. ముక్క అంచుల్లో ఈ మార్పులు గుట్టగా కనిపించి, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గితే మంచి గుర్తు. ఎక్కడా లేకపోతే అనుమానించండి. ఎముక లేకుండా అన్ని రసాయనాలతో ఒక ఖాళీ ట్యూబు ప్రతి విడతలోనూ నడపాలి. ఆ ట్యూబులో మనిషి, కుక్క, ఆవు డీఎన్ఏ ఏది తేలినా ఆ విడత ఫలితాలు పక్కన పెట్టాలి. డీఎన్ఏకు కోట్ల నకళ్లు తీసే పీసీఆర్ గది వేరే భవనంలో ఉండాలి. అక్కడికి వెళ్లినవాళ్లు ఆ రోజు మళ్లీ ఎముక పని చేసే శుభ్రగదిలోకి రాకూడదు.

ప్రశ్న: మా ఊరి దగ్గరి బిల్లసర్గం గుహల్లో పాత జంతువుల ఎముకలు దొరికాయి కదా. వాటిలో డీఎన్ఏ ఉంటుందా?
– పాఠకుడు, బేతంచెర్ల

జవాబు: 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించిన గుహలవి. ఆశ పెట్టుకోవచ్చు గానీ, తక్కువగానే పెట్టుకోండి. న్యూజిలాండ్ మోవా పక్షుల ఎముకల మీద చేసిన లెక్క ప్రకారం, 13 డిగ్రీల దగ్గర 242 అక్షరాల ముక్కల్లో సగం 521 ఏళ్లలో విరిగిపోతాయి. మీ ప్రాంతపు వేడికి ఆ వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పది వేల ఏళ్లు దాటిన ఎముకలో చదవదగ్గది మిగలడం చాలా కష్టం.

అయితే వేడి దేశమంటే ఆశే లేదనీ కాదు. జమైకా గుహల్లో దొరికిన జెనోథ్రిక్స్ కోతి ఎముకల నుంచి 2018లో డీఎన్ఏ తీశారు. అది దక్షిణ అమెరికా టిటి కోతుల చుట్టమని తేలింది. కరీబియన్‌లో గుడ్లగూబ ఉమ్మేసిన ఉండలోని, సుమారు 750 ఏళ్ల నాటి నెసోఫాంటిస్ (అంతరించిన చుంచెలుక లాంటి చిన్న జంతువు) ఎముక కూడా పనికొచ్చింది. ఇవి వయసు తక్కువ ఎముకలు. మీ దగ్గరా గుహ పైపొరల్లోని చిన్న జంతువుల ఎముకలకే అవకాశం ఎక్కువ. మొదట ఎముకలో నైట్రోజన్ శాతం చూపించండి. 0.7 కన్నా తక్కువ వస్తే కొల్లాజెన్ (ఎముకలోని ప్రొటీన్) పోయినట్టే, డీఎన్ఏ కోసం ఖర్చు పెట్టడం దండగ.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తవ్వేవాళ్లు ఎముకను నీళ్లతో కడగకండి, జిగురు పూయకండి. తొడుగులు వేసుకుని, మట్టితో సహా కాగితపు కవరులో పెట్టి, చల్లని చోట ఉంచండి. వేల ఏళ్లు నిలిచింది ఒక్క కడుగుతో పోతుంది.

ప్రశ్న: డీఎన్ఏ దొరికితే ఆ జంతువును మళ్లీ పుట్టించవచ్చా?
– ఇంటర్ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఉన్నదున్నట్టుగా కాదు. క్రిస్మస్ దీవి ఎలుకనే చూడండి. అది అంతరించి వందేళ్లు దాటింది. 2022లో దాని జన్యుక్రమాన్ని, నేటి నార్వే ఎలుకను నమూనాగా పెట్టుకుని పేర్చారు. ఎంత చదివినా దాదాపు 5 శాతం దొరకలేదు. ముక్కలు చిన్నవి కావడంతో, రెండు జాతుల మధ్య బాగా మారిపోయిన చోట్ల ఏ ముక్క ఎక్కడిదో పట్టుకోలేం. అలా పోయినవాటిలో వాసన పసిగట్టే జన్యువులు, రోగనిరోధక జన్యువులు ఎక్కువ. ఆ ఖాళీలను నార్వే ఎలుక జన్యువులతో నింపితే పుట్టేది నార్వే ఎలుకలా వాసన చూసే జంతువే అవుతుంది.