నీడలో నలుపు కలపకు

చి. సుజాతకు ఆశీస్సులు.

ఆరుబయట వేసి పంపిన బొమ్మ చూశాను. ఎండ బాగానే పడింది, నీడలే మసిబారాయి. నలుపు ట్యూబు పెట్టెలోంచి తీసెయ్. 1905లో ఫ్రెంచి చిత్రకారుడు మోనే తను వాడే రంగులు చెప్తూ రాసిన జాబితాలో తెలుపు, కాడ్మియం పసుపు, వెర్మిలియన్ అనే మెరిసే ఎరుపు, ముదురు మాడర్ అనే గులాబి ఎరుపు, కోబాల్ట్ నీలం, ఆకుపచ్చ... అంతే, నలుపు లేదు. నీకూ అవి చాలు. మాడర్ వెలుతురుకి వెలిసిపోతుంది కాబట్టి దాని బదులు అలాంటిదే, వెలవని ఎరుపు, పర్మనెంట్ అలిజరిన్ కొనుక్కో.

ఎండ తగలని నేల మీద పడేది ఆకాశపు వెలుగు, అందుకే నీడకి నీలం. పక్కనే పసుపు ఎండ ఉంటే మన కన్ను ఆ నీలాన్ని ఇంకాస్త ఊదా వైపు లాగుతుంది. పక్కపక్క రంగుల ఈ ప్రభావం గురించి ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే పుస్తకం రాశాడు. మోనే వేసిన 'మాగ్‌పై' బొమ్మలో మంచు మీద పడ్డ కంచె నీడ చూడు. అలాగని అన్నిటికీ నీలం పులిమేయకు! ఎర్రమట్టి పక్కన తెల్లగోడ ఉంటే, దాని నీడ వైపు కింది భాగంలో నారింజ ఛాయ కనిపిస్తుంది.

అది పట్టుకోడానికి బూడిదరంగు అట్టకి చిన్న కన్నం పెట్టి, చెయ్యి చాచి, ఒక కన్ను మూసి చూడు. అది గోడ అన్న సంగతి మరిచిపోతావు, రంగే మిగుల్తుంది.

రంగు కన్నా ముందు వెలుగు ఎంతో తేల్చుకో. మోనేదే 'ఇంప్రెషన్, సన్‌రైజ్' బొమ్మని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌ చెయ్, సూర్యుడు దాదాపు ఆకాశంలో కలిసిపోతాడు. నారింజకీ బూడిద నీలానికీ వెలుగు సమానం, అందుకే ఆ మిలమిల. ఒకే నీడలో నువ్వు పక్కపక్కన పెట్టే రెండు రంగులూ కళ్ళు చికిలిస్తే ఒకటిగా కలవాలి. కలవకపోతే బొమ్మంతా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

రెండు రంగులూ, తెలుపూ కలుపు, చాలు. మూడో రంగు చేరిందా, చాలాసార్లు బురదే. బ్రష్‌తో ఒక దెబ్బ వేశాక దాన్ని మళ్ళీ రుద్దకు, బ్రష్‌ గుడ్డతో తుడిచి తర్వాతది వెయ్.

కాన్వాస్‌, రంగులు కలిపే పలక (పాలెట్) రెండూ నీడలో ఉండాలి. వాటి మీద ఎండ పడితే వేసిన రంగు వెలుగ్గా కనిపించి, నువ్వు ముదురుగా వేసేస్తావు. ఇంటికి తెచ్చాక బొమ్మ చీకటి.

ఇక కదిలే నీడలు. మొదటి ఐదు నిమిషాల్లో పల్చటి నీలంతో వాటి అంచులు గీసెయ్, తర్వాత వెంటపడకు. గంటలోపు ఆపేయ్. తన ఊరు జివెర్నీలో 1890-91లో గోధుమ కుప్పలు వేసేటప్పుడు మోనే వెలుగు మారగానే కాన్వాస్‌ మార్చేవాడు. నువ్వు 8×10 అంగుళాల బోర్డులు రెండు పెట్టుకో, ఒకటి ఉదయానికి, ఒకటి సాయంత్రానికి.

ఈసారి బొమ్మ వద్దు. అట్ట కన్నంలోంచి చూసి కలిపిన నీడ రంగులు ఓ ఆరు, అట్ట ముక్కల మీద పూసి పంపు.