సెల్లార్ గదిలో చెమ్మ, బాబుకి పిల్లికూతలు... నేలకి ఏం వేయించాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి. ఇల్లు చాలక సెల్లార్‌లో ఒక గది కట్టించి, మా అత్తగారికీ 8 ఏళ్ల బాబుకీ పడక అక్కడే వేశాం. కింద సిమెంటు గచ్చు. వానలు మొదలైతే నేల చెమ్మగిల్లి, చాప అడుగున నల్లగా బూజు పడుతోంది. బాబుకి రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. పైన మాతో పడుకున్న రోజు మాత్రం హాయిగా నిద్రపోతాడు. చలవ తగలకుండా కార్పెట్ వేయమని కొందరు, వినైల్ షీట్ చవక అని కొందరు చెబుతున్నారు. మావారు ఉడెన్ ఫ్లోరింగ్ అంటున్నారు. ఆరోగ్యానికి ఏది మంచిది?
- ఓ పాఠకురాలు

జవాబు: పైన పడుకుంటే బాగుంటున్నాడని మీరే రాశారు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. కాబట్టి నేల సంగతి తేలేదాకా ఆగకుండా, ఈ రాత్రి నుంచే బాబు పడక పైకి మార్చండి. ఇరుకైనా పర్వాలేదు. వీలైతే అత్తగారిని కూడా.

చెమ్మ ఉన్నచోట బూజు పెరిగి, దాని సన్నని బీజాలు గాలిలో కలుస్తాయి. పరుపుల్లో, దుప్పట్లలో కంటికి కనిపించని డస్ట్ మైట్స్ అనే పురుగులు కూడా తేమలోనే వృద్ధి అవుతాయి. అలర్జీ తత్వం ఉన్న పిల్లలకు ఈ రెండూ పడవు. చెమ్మ ఇళ్లకూ ఉబ్బసానికీ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక కార్పెట్ మాట మరిచిపోండి. ఒకసారి తడిస్తే అడుగున ఆరదు, మైట్స్‌కి అంతకంటే మంచి ఇల్లు లేదు. వినైల్ పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. కానీ గచ్చులోంచి వచ్చే తేమ దాని కింద చిక్కుకుపోయి, బూజు మన కంటపడకుండా పెరుగుతుంది. కొన్నాళ్లకు ముక్కిన వాసన వచ్చేదాకా తెలియదు. ఉడెన్ అని అమ్మే లామినేట్‌లో చాలావరకు లోపల ఉండేది అదిమిన చెక్కపొట్టే. చెమ్మకి ఉబ్బి అంచులు పైకి లేస్తాయి. నా మట్టుకు నాకు టైల్స్, గ్రానైట్, మన కడప బండలే నయం. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చదు, తుడవడం తేలిక. అత్తగారు తిరిగే గది కాబట్టి నున్నటి పాలిష్ రకం వద్దు, మ్యాట్ ఫినిష్ తీసుకోండి. ఆ వయసులో జారిపడి తుంటి విరిగితే అది వేరే కథ. చలవ నేల వల్ల ఉబ్బసం రాదు. మంచం వేసి, ఇంట్లో తొడుక్కునే చెప్పులు ఇస్తే సరిపోతుంది.

అయితే ఏ టైల్ వేసినా చెమ్మ పోదు. అది ఎక్కడినుంచి వస్తోందో ముందు చూడాలి. మందపాటి ప్లాస్టిక్ కవరు ముక్క, రెండడుగుల చదరం, ఆరిన గచ్చు మీద పరిచి నాలుగు అంచులా టేప్ అంటించండి. రెండు మూడు రోజులాగి చూడండి. కవరు అడుగున నీటిబొట్లు ఉంటే తేమ భూమిలోంచి వస్తున్నట్టు. పైభాగాన ఉంటే గాలిలోని తేమే చల్లటి నేల మీద పేరుకుంటున్నట్టు. మొదటిదానికి మేస్త్రీని పిలిచి వాటర్‌ప్రూఫింగ్, బయట నీళ్లు పోయే దారి, పక్కన సంప్ ఉంటే దాని లీకు, అన్నీ చూపించాలి. రెండోదానికి ఆ ఖర్చు దండగ. గది మూసి ఏసీ డ్రై మోడ్‌లో గానీ, గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్ గానీ నడపాలి. వాన పడుతున్నప్పుడు కిటికీలు తెరిస్తే ఇంకాస్త తేమ లోపలికి వస్తుంది. హైగ్రోమీటర్ అని చిన్న మీటరు దొరుకుతుంది. అందులో తేమ 60 శాతం దాటకూడదు, 50 లోపు ఉంటే మంచిది. ఈ కవరు పరీక్ష మే నెలలో చేస్తే లాభం లేదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అప్పుడే చేయండి. 2021 నవంబరు వానలు చూసిన తిరుపతి వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

బూజు పట్టిన చాప పారేయండి. నేలను డిటర్జెంట్ నీళ్లతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. కడిగేవాళ్లు ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి, బాబు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. బ్లీచింగ్‌లో టాయిలెట్ క్లీనర్ యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. బూజు మీద పెయింట్ కొట్టించడం కూడా వృథా. అన్నట్టు, సెల్లార్‌లో జనరేటర్ ఉన్నా, కారు స్టార్ట్ చేసి ఉంచే అలవాటున్నా, అక్కడ ఎవరినీ పడుకోబెట్టొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు.

బాబుని పిల్లల డాక్టరుకి గానీ, పల్మనాలజిస్టుకి (ఊపిరితిత్తుల డాక్టరు) గానీ చూపించండి. 8 ఏళ్లకి ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయొచ్చు. ఎక్కడ పడుకున్న రాత్రి దగ్గు వచ్చిందో క్యాలెండర్ మీద రాసి తీసుకెళ్లండి, డాక్టరుకి బాగా పనికొస్తుంది. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని భయపడి మానేయకండి. డొక్కలు ఎగరేస్తున్నా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి.