కుడి భాగమా, ఎడమ భాగమా? ముందు అమ్మ అసలు బరువు తేల్చండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తెనాలి. అమ్మకు 56 ఏళ్లు, లివర్ సిరోసిస్. బరువు 60 కిలోలు. వారం పది రోజులకోసారి పొట్టలో నీరు తీయిస్తున్నాం. కిందటిసారి ఏడు లీటర్లు వచ్చింది. కాలేయ మార్పిడి తప్పదన్నారు. బ్లడ్ గ్రూపు కలిసింది కనుక నేనే ఇస్తానన్నాను (30 ఏళ్లు, 82 కిలోలు). స్కాన్‌లో నా కాలేయం 1,250 గ్రాములు, అందులో ఎడమ భాగం 440 అని తేలింది. విజయవాడలో ఒక ఆస్పత్రివారు కుడి భాగం తీయాలన్నారు, మరోచోట ఎడమ చాలన్నారు. కుడిచేతి వాటం ఉన్నవాడికి కుడి వైపు కోస్తే బలం పోతుందని అమ్మ దిగులు. మా బావగారు (అక్క భర్త) కూడా ఇస్తానంటున్నారు.

జవాబు: అమ్మగారి దిగులు ముందు తీరుద్దాం. కాలేయం చాలావరకు ఉండేదే కుడి డొక్కలో. ఎడమ భాగం పొట్ట మధ్యకు సాగి ఉంటుంది. చేతివాటానికీ దానికీ చుట్టరికం లేదు.

ఇక రెండు ఆస్పత్రుల మాట. ఇద్దరూ సరిగ్గానే లెక్క వేశారని, వేసిన తూకాలే వేరని నా అనుమానం. అమర్చే భాగం రోగి బరువులో కనీసం 0.8 శాతం ఉండాలని సాధారణంగా చూస్తాం. 60 కిలోలకు 480 గ్రాములు కావాలి. మీ 440 చాలదు. కానీ ఆ అరవైలో ఏడు కిలోలు నీరే కదా! నీరు తీసిన మర్నాడు తూస్తే 53. దానికి 424 గ్రాములు చాలు, మీ ఎడమ భాగం సరిపోతుంది. కాళ్ల వాపు కూడా ఉంటే అసలు బరువు ఇంకా తక్కువే.

కుడి భాగం ఎలాగూ పెద్దది, అదే తీస్తే పోదా అంటారు చాలామంది. అమ్మకు నిశ్చింతే, కష్టం మీకు. 810 గ్రాములు ఇచ్చేశాక మీలో మిగిలేది 35 శాతం. మేము 30 కంటే తగ్గనివ్వం, 35 ఉంటే ఊపిరి పీల్చుకుంటాం. కాలేయం కొన్ని నెలల్లో చాలావరకు పెరుగుతుంది, నిజమే. కానీ మొదటి పది రోజులు ఆ కాస్తతోనే నెట్టుకురావాలి. దాత ప్రాణానికి ముప్పు అరుదు. కుడి భాగం ఇచ్చినవారిలో సుమారు వెయ్యికి ఇద్దరి నుంచి ఐదుగురు, ఎడమ ఇచ్చినవారిలో ఒకరు అని అంచనా. ఏ జబ్బూ లేని మనిషిని బల్ల మీద పడుకోబెట్టే ఆపరేషన్ ఇది, అందుకే ఎడమతో సరిపోతుందంటే నేను కుడి జోలికి వెళ్లను.

అలాగని మరీ చిన్న ముక్క అమర్చడమూ కుదరదు. సిరోసిస్ రోగి పేగుల నుంచి కాలేయానికి వచ్చే రక్తం ఉధృతంగా ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ నీటిని ఒక్క పంట బోదెలోకి వదిలితే గట్లు తెగవా? చిన్న కాలేయం గతీ అంతే: కామెర్లు తగ్గవు, పొట్టలో నీరు ఆగదు. 440 గ్రాములు హద్దుకు దగ్గరే కనుక, ఆ ఒత్తిడిని ఆపరేషన్‌లో ఎలా తగ్గిస్తారో సర్జన్‌ను అడగండి.

బరువొక్కటే కాదు. రెండు భాగాల సరిహద్దులో మధ్య సిర ఉంటుంది. ఎడమ భాగం తీస్తే సాధారణంగా అది అమ్మగారికి వెళుతుంది. కుడి తీస్తే ఎక్కువగా మీ దగ్గరే ఉంచి, అటు వెళ్లే భాగానికి చిన్న సిరలు అతుకుతారు. పిత్తనాళాలు కుడి వైపు రెండు మూడు ఉండటం మామూలే, ఎడమ వైపు తరచూ ఒక్కటే. పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్ (ఎంఆర్‌సీపీ)లో అది తెలుస్తుంది.

82 కిలోలన్నారు, ఎత్తు రాయలేదు. కాలేయంలో కొవ్వు ఎంతో చూపించుకోండి. 30 శాతం దాటితే సాధారణంగా ఎవరూ ఒప్పుకోరు. కొద్దిగా ఉంటే, అమ్మగారి పరిస్థితి ఆగనిస్తే, కొన్ని వారాలు వేపుళ్లు మాని నడవండి, తగ్గుతుంది.

బావగారి మనసు మంచిదే, కానీ 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం అల్లుడు దగ్గరి బంధువు కాడు. అనుమతి కమిటీ ముందుకు వెళ్లాలి. కొడుకుగా మీకు ఆ ఇబ్బంది లేదు.

ఈసారి నీరు తీసేటప్పుడు ముందూ వెనకా తూకం రాయించి, ఆ కాగితం రెండు చోట్లా చూపండి.