జాడీ దగ్గరే ఆగిపో

అమ్మలూ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. అమ్మ ఏటా పంపే ఆవకాయని బీపీ వంక పెట్టి వాచ్‌మన్‌కి ఇచ్చేసే కూతురు, అమ్మ పోయాక అదే ఆవకాయ కోసం అతని గది ముందు నిలబడడం! ఇలాంటిది తట్టడమే అదృష్టం. కానీ ఆ తర్వాత ఒకటిన్నర పేజీ ఆమెని ఏడిపించావు. కథ అక్కడ చేజారింది.

ఐరనీ అంటే వెటకారం కాదు తల్లీ. మనం ఒకటి అనుకుని చేసిన పని ఇంకో రూపంలో మన గడపకే తిరిగి రావడం. ఆ సంగతి చదివేవాళ్లకి తెలియాలి, నువ్వు చెప్పినట్టు మాత్రం ఉండకూడదు.

గురజాడ 'దిద్దుబాటు' మళ్లీ తీసి చదువు. 1910 నాటి కథ. పాట కచేరీకి వెళ్లి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకి భార్య కమలిని కనపడదు, ఆమె రాసిన ఉత్తరం కనపడుతుంది. చదువుకున్న స్త్రీ అంటే ఎంతో గౌరవం అతనికి. ఆ చదువే ఉత్తరమై నిలదీసింది. ఇక నౌకరు రాముడి ముందు కుమిలిపోతాడు. కమలిని మంచం కిందే ఉందని చివరిదాకా మనకీ తెలియదు. ఎదురుగా ఉందని తెలిస్తే అంత మనసు విప్పేవాడా? రెండోసారి చదివినప్పుడు చూడు, ప్రతి మాటా ఆమె చెవిన పడుతున్నట్టే ఉంటుంది.

చాసో, అదే చాగంటి సోమయాజులు, రాసిన 'వాయులీనం' కథ కూడా చదువు. భార్య వైద్యం కోసం ఆమె ప్రాణంగా చూసుకున్న ఫిడేలునే అమ్మాల్సి వస్తుంది. అందులో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. నాకైతే అదే ఎక్కువ బాధ.

నా సంగతి ఒకటి చెప్తాను. మా అమ్మకి కొత్త కళ్లద్దాలు చేయిస్తానని రెండేళ్లు వాయిదా వేశాను. చివరికి తెచ్చి పెడితే, వేసుకుని నా మొహంలోకే చూసింది. "నీ తల ఎప్పుడు నెరిసిందిరా?" అంది. నింద లేదు ఆ మాటలో, నా మీద బెంగే. ఇన్నేళ్లయినా చెవిలో అలాగే ఉంది. దాన్ని కథ చేసినప్పుడు, నేనెంత పాపిష్టివాణ్నో అని కింద ఒక పేరా రాశాను. చదివిన స్నేహితుడు మాట్లాడకుండా ఆ పేరా కొట్టేసి ఇచ్చాడు. ఆయనదే న్యాయం.

నువ్వూ ఒక పని చెయ్యి. 'పాపం', 'పశ్చాత్తాపం', 'క్షమించమ్మా' అన్న మాటలు ఎక్కడున్నా పెన్సిల్‌తో గీత పెట్టు. అవి వదిలేసి పైకి చదువుకో. ఆవకాయ ఇచ్చేసేటప్పుడు ఆమె నవ్వుతూ "మా ఇంట్లో ఎవరూ తినరు" అంటుంది కదా, దాన్ని ముట్టుకోకు. చివర్లో ఆమె చేత "ఇంకేమైనా మిగిలిందా?" అని మాత్రం అడిగించు. వాచ్‌మన్ భార్య జాడీ కడిగి గట్టు మీద బోర్లించిందని రాశావే, అక్కడ ఆపెయ్యి.

దిద్దాక పంపు. ఎదురు చూస్తుంటాను.

మీ మావయ్య